మోటారుసైకిలు కొనిన రైతు తన మేనికాపునకు కొనవలసినవి



వేరుసెనగ యమ్మిన రొక్కముతో కొందఱు, పాలసొమ్ము కూడబెట్టి కొందఱు, వాయిదాలపై అప్పు తెచ్చి కొందఱు మన పల్లెలలో మోటారుసైకిళ్లు కొనుచున్నారు. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి 350 సి.సి. వఱకు గల మోటారుసైకిళ్లపై వస్తుసేవల పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గుటచే నీ కొనుగోలు మఱింత సులభమైనది. ఇది తప్పని చెప్పుట మా యుద్దేశము కాదు. ఎద్దులబండిపై దినమంతయు పట్టిన సంతప్రయాణము నేడు పూటలో ముగియుచున్నది. విత్తనము తెచ్చుటకు, పాలు పోయుటకు, బోరు మోటారు చెడినపుడు మేస్త్రీని పిలుచుకొని వచ్చుటకు, పిల్లలను బడికి దింపుటకు ఈ బండియే రైతునకు కుడిభుజమైనది.

అయినను ఒక సంగతి గమనింపుడు. క్రొత్తబండి యింటికి వచ్చిననాడు మనము దానికి పూలదండ వేయుదుము. చక్రముక్రింద నిమ్మకాయ నలిపింతుము. మఱునాడు సీటునకొక తొడుగు, పెట్రోలు తొట్టికొక తొడుగు, ముందుభాగమున ఇనుపకడ్డీ, వెనుక పేరు వ్రాయించుట, ఇట్లు రెండుమూడువేల రూపాయలు సంతోషముగా ఖర్చు పెట్టుదుము. ఇవి యన్నియు బండి మేనికి కాపు. దానిపై కూర్చుండు మనుష్యుని మేనికి కాపేదని యడిగినచో బదులు లేదు. ఈ లోటు తీర్చుకొనుటకు ఏమేమి కొనవలెను, ఏది ముందు కొనవలెను, మోసపోకుండ నెట్లు కొనవలెను అను విషయములు వివరించుటకే యీ వ్యాసము.

ఒక రైతు అనుభవము

ఈ వ్యాసకర్త యెఱిగిన యొక రైతు కలడు. ఎనిమిదెకరముల యెఱ్ఱనేల, వర్షాధారపు సేద్యము. ఒక యేడు జూను మాసాంతమున మంచి పదును వర్షము కురిసెను. విత్తనపు మూట వెనుక కట్టుకొని పట్టణమునుండి క్రొత్తబండిపై తిరిగివచ్చుచుండగా, తారురోడ్డు విడిచి పల్లెదారి పట్టు మలుపులో గరుసుమీద ముందుచక్రము జాఱెను. వేగము గంటకు ముప్పది కిలోమీటర్లకు మించియుండదు. హెల్మెటు బండి యద్దమునకు వ్రేలాడుచుండెను. దైవవశమున తల నేలకు తగులలేదు. కాని పడునపుడు ఎవడైనను చేతులు ముందుకు చాపును గదా! రెండు అరచేతుల చర్మము లేచిపోయెను. మోకాలి చిప్ప పగిలెను.

అది చిన్నదెబ్బయేయని ఊరివారనిరి. కాని లెక్క చూడుడు. గొఱ్ఱు పట్టవలసిన చేతులకు కట్లు. ఆ వారమున కూలికి మనుష్యులు దొరకరు. అందఱికిని విత్తు పనియే. నాలుగు దినములు ఎండ కాచెను, గాలి తోలెను, పదును ఆఱిపోయెను. మరల వాన వచ్చునప్పటికి అదను దాటెను. ఆ యేడాతడు విత్తినది ఎనిమిదింట మూడెకరములు మాత్రమే. ఏడువందల రూపాయల చేతొడుగులు లేకపోవుటవలన ఐదెకరముల పంట పోయినదని యాతడే యిప్పటికిని చెప్పుచుండును. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వర్షము మాత్రమే కురియు అనంతపురపు మెట్టలో, పదును దినములు చేతివ్రేళ్లపై లెక్కింపదగినవి. ఇట్టిచోట రైతు చేతులు, కాళ్లు ఆతని పెట్టుబడిలోనివే యని తలంపవలెను.

మన దారుల స్వభావము

పట్టణములందు వ్రాసిన సలహాలు మనకు పూర్తిగా సరిపడవు. మన దారులు వేఱు. గుత్తి, పామిడి, అనంతపురము, రాప్తాడు మీదుగా పోవు 44వ జాతీయరహదారిపై లారీలు, బస్సులు అతివేగముగ పోవును. పల్లెనుండి దానిపైకి ఎక్కు బండివాడు ఒక్కసారి ముప్పదినుండి ఎనుబది వేగములోనికి మాఱవలసియుండును. దానినుండి దిగిన యనంతరము గరుసు, దుమ్ము, ఎండిన వంకలు. జూను మొదలు ఆగస్టు వఱకు తోలు నైరుతి గాలి ఎంత బలమైనదో రామగిరి కొండలపై తిరుగు గాలిమరలే సాక్షి. ఆ గాలి దుమ్మును కంటిలో కొట్టును. ప్రక్కనుండి తోలినపుడు తేలికబండిని దారినుండి నెట్టును.

మఱియొక యపాయము మనము స్వయముగా కల్పించునది. కోతలకాలమున కంకులను, కాయలను తారురోడ్డుపై ఆరబోసి, చుట్టును రాళ్లు పేర్చి, సాయంకాలము ధాన్యము తీసికొని రాళ్లను అచ్చటనే విడిచిపోవుదుము. చీకటిలో వచ్చు బండికి ఆ రాయి యమునివంటిది. ఎండిన పొట్టుపై చక్రము జాఱుట అందఱెఱిగినదే. మేనికాపు కొనుటకు ముందు ఈ దురలవాటును మానుట డబ్బు ఖర్చు లేని కాపుదల.

మొదటిది: తల

మోటారుసైకిలు ప్రమాదములలో ప్రాణము తీయునది సాధారణముగ తలదెబ్బయే. కేంద్రప్రభుత్వపు లెక్కలప్రకారము 2022వ సంవత్సరమున మన దేశమున రహదారి ప్రమాదములందు 1,68,491 మంది మరణించిరి. వారిలో 74,897 మంది ద్విచక్రవాహనములపై పోవువారు. ఆ యేటనే హెల్మెటు లేక మరణించినవారు 50,029 మంది. అందు 14,337 మంది వెనుక కూర్చుండినవారు. ప్రపంచమునందలి యనేక పరిశోధనలను క్రోడీకరించి 2008లో ప్రకటించిన సమీక్షయొకటి, హెల్మెటు ధరించుటవలన మరణభయము నూటికి 42 వంతులును, తలగాయముల భయము 69 వంతులును తగ్గునని నిర్ధారించినది.

ఈ విషయము ప్రపంచమునకు తెలిసిన విధము చిత్రమైనది. అరేబియా లారెన్సని పేరొందిన ఆంగ్లేయుడు 1935 మే నెలలో, ఇద్దఱు సైకిలు బాలురను తప్పించబోయి మోటారుసైకిలుపైనుండి పడి తలదెబ్బతో మరణించెను. అతనికి వైద్యము చేసినవారిలో నొకడగు హ్యూ కెయిర్న్స్ అను శస్త్రవైద్యుడు ఆ మరణమును మఱువలేక, మోటారుసైకిలువారి తలగాయములను పరిశోధించి 1941లో తన ఫలితములను ప్రకటించెను. ఆ సంవత్సరాంతముననే బ్రిటిషు సైన్యము మోటారుసైకిలుపై జాబులు మోయు సైనికులకు శిరస్త్రాణమును నిర్బంధము చేసెను. ఒక్కని మరణమునుండి నేర్చిన పాఠము నేడు కోట్లమందిని కాచుచున్నది.

“నేను పొలమునకే కదా, మెల్లగా పోవుదును” అను రైతులు పెక్కుమంది. నిలుచున్న మనుష్యుడు తిన్నగ నేలకొఱిగినను అతని తల గంటకు ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. దానికి బండివేగము తోడైన చెప్పనేల? మఱియు వేగము నలువదినుండి అఱువదికి పెరిగినపుడు దెబ్బలోని శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, రెండుంబావు రెట్లగును.

హెల్మెటు పనిచేయు తీరు వేరుసెనగ రైతునకు సులభముగ బోధపడును. కాయలో గింజకు పైన గట్టి డొల్ల, లోపల మెత్తని పొర యున్నట్లే, హెల్మెటునకు పైన గట్టి చిప్ప, లోపల ధర్మోకోలువంటి మందపు పొర యుండును. చిప్ప రాతిపోటును ఒకచోట దిగనీయక వ్యాపింపజేయును. లోపలి పొర నలిగి, దెబ్బశక్తిని తాను మ్రింగి తలకు తక్కువ పంపును. ఒకమారు నలిగిన పొర మరల లేవదు. కావున గట్టిగా పడిన హెల్మెటు పైకి బాగుగ కనబడినను పనికిరాదు. ఈ కారణముచేతనే ఒకరు వాడిన హెల్మెటును చౌకగా వచ్చెనని కొనరాదు. లోపలి పొర పెట్రోలు తగిలిన చెడును గనుక పెట్రోలుతో తుడువరాదు.

కొనునపుడు చూడవలసిన గుర్తులు

1. 2021 జూను 1వ తేదీ నుండి మన దేశమున ద్విచక్రవాహనపు హెల్మెట్లకు ఐ.యస్.ఐ. ముద్ర నిర్బంధము. ముద్రతోపాటు ఐ.యస్. 4151 అను సంఖ్యయు, తయారీదారుని లైసెన్సు సంఖ్యయు ఉండవలెను. దారిప్రక్క మూడువందలకమ్ము టోపీలపై ముద్ర మాత్రమే యంటించి, లైసెన్సు సంఖ్య లేకుండుట కలదు. భారత ప్రమాణముల సంస్థవారి బి.ఐ.యస్. కేర్ అను ఫోను యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూచిన నిజము తెలియును. ఇంటిలోని చదువుకొన్న పిల్లలచేత నీ పని చేయింపుడు.

2. ముఖమంతయు కప్పు హెల్మెటు మేలు. గడ్డము, దవడ కాపాడుటకు సగపు టోపీ చాలదు. మన దుమ్ముకు, గాలికి ముఖముపై అద్దమును అవసరము. ఆ అద్దము తెల్లనిదై యుండవలెను. నల్లయద్దము రాత్రి గ్రుడ్డితనము.

3. కొలత ముఖ్యము. కనుబొమలకు అంగుళము పైగా తలచుట్టు దారముతో కొలిచి, మిల్లీమీటర్లలో చెప్పుడు. హెల్మెట్లపై 560, 580, 600 అని వ్రాసియుండును. తొడిగినపుడు బుగ్గలు కొంచెము నొక్కబడవలెను. తల నటునిటు త్రిప్పినపుడు హెల్మెటు తలతోడనే తిరుగవలెను. పట్టీ బిగించి, వెనుక అంచు పట్టి ముందునకు లాగినపుడు ఊడిరాగూడదు. తలగుడ్డపై తొడుగుటకు వీలుగా వదులైన హెల్మెటు కొనువారు కలరు. అది పొరపాటు. తలగుడ్డను విప్పి మెడలో వేసికొనక, సంచిలో పెట్టుకొనుడు.

4. పట్టీ బిగింపని హెల్మెటు, హెల్మెటు కాదు. గడ్డముక్రింద రెండు వ్రేళ్లు పట్టునంత సందు చాలును.

5. లేతరంగు కొనుడు. రాత్రి ఎదుటివానికి కనబడును. ఎండకు నలుపంత వేడెక్కదు.

వేడిమి మాట నిజమే. మే నెలలో నలువది డిగ్రీలు దాటిన యెండలో హెల్మెటు కష్టముగనే యుండును. పలుచని నూలుగుడ్డ టోపీని తడిపి పిండి లోపల ధరించిన చాల ఉపశమనము కలుగును. గాలికంతలు గల రకము నెన్నుకొనుడు. వీలైన ప్రయాణములను ఉదయమునకు మార్చుకొనుడు.

ఇంకొక లాభకరమైన విషయము. కేంద్ర మోటారువాహన నియమములలో 138వ నియమముప్రకారము, ద్విచక్రవాహనము అమ్మునపుడు తయారీదారు ప్రమాణముద్ర గల హెల్మెటు నొకదాని నీయవలెను. కొనునాడు దానిని అడిగి తీసికొనుడు. రసీదులో దానికి వేఱుగ వెల వేసిరేమో చూచుకొనుడు. అడుగనివానికి అమ్మయైనను పెట్టదు.

రెండవది: చేతులు, కాళ్లు

తల తరువాత మొదట నేలను తాకునవి అరచేతులు. అరచేతివైపు తోలు లేక దిట్టమైన గుడ్డ రెండుపొరలుగ నుండి, వ్రేళ్ల కణుపులపై గట్టి మూత గల చేతొడుగులు కొనుడు. మణికట్టు పట్టీ బిగించిన పిదప లాగినను ఊడరాదు. చలికి వేసికొను అల్లిక చేతొడుగులు ఇందులకు పనికిరావు.

పాదములకు హవాయి చెప్పులు మనకు అలవాటు. అవి గేరు వేయునపుడే జాఱును. పడినపుడు మొదట ఎగిరిపోవును. చీలమండను కప్పు తోలుబూట్లు, అనగా కర్మాగారములందు పనివారు తొడుగు ముందువైపు గట్టి మూత గలవి, వేలరూపాయల మోటారుసైకిలు బూట్లకు బదులుగ రైతునకు చాలవఱకు సరిపోవును. పొలములో ముండ్లకు, పాములకు గూడ ఇవియే కాపు. కొన్న వస్తువు రెండుచోట్ల పనికివచ్చుట మనకు కావలసిన పొదుపు. లాడాలు బయటికి వ్రేలాడనీయక లోపలికి దోపవలెను.

మోకాళ్లకు, మోచేతులకు పట్టీలతో కట్టుకొను గట్టి కవచములు దొరకును. వాటిని పంచె పైగాక, ప్యాంటు లోపలనో పైననో బిగియ కట్టవలెను. పంచె కట్టువారు ప్రయాణముమట్టుకైన ప్యాంటు తొడుగుట మేలు. గాలికెగిరిన పంచె, కంబళి, తువ్వాలు చక్రములోనో గొలుసులోనో చిక్కిన బండి యొక్క క్షణములో పడద్రోయును.

మూడవది: ఒంటికి కోటు

భుజములకు, మోచేతులకు, వీపునకు మెత్తలు గల జాలికోట్లు మంచివే. గాలి లోపలికి ప్రసరించుటచే మన యెండలకు తగును. కాని వాటి వెల యెక్కువ. దినమును జాతీయరహదారిపై దూరము పోవువారు, రాత్రి ప్రయాణము చేయువారు తప్పక కొనదగినది. పొలమునకు, పాలకేంద్రమునకు పోవువారు ముందు తల, చేతులు, కాళ్లు కాపాడుకొని, తరువాతి పంటకు కోటు సంగతి చూడవచ్చును. అంతవఱకు నిండుచేతుల దళసరి నూలుకోటు తొడిగిన ఎండదెబ్బయు, గీతలును తగ్గును. అది గట్టిగా పడినపుడు క్షణములో చిరుగునని మాత్రము మఱువరాదు. దానిని కవచమనుకొని వేగము పెంచరాదు.

వానకోటు పసుపుపచ్చనో నారింజరంగో గలది కొనుడు. పది ఇరువది రూపాయల రేడియం స్టిక్కరును హెల్మెటు వెనుకను, కోటు వీపునను, బండి వెనుకను అంటింపుడు. ఇంత తక్కువ వెలకు ఇంత యెక్కువ కాపు మఱియొకటి లేదు. అదే రేడియంను మీ యెద్దులబండికిని, ట్రాక్టరు ట్రాలీకిని అంటించిన పొరుగువాని ప్రాణము కాపాడినవారగుదురు.

వెనుక కూర్చుండువారు

భార్యను, తల్లిని, బిడ్డను హెల్మెటు లేక కూర్చుండబెట్టి తాను మాత్రము తొడుగుట మన యూళ్లలో నిత్యము చూచునదే. చట్టము ఇట్టి భేదము నొప్పదు. 1988వ సంవత్సరపు మోటారువాహన చట్టము, 2019 సవరణతో, నాలుగేండ్లు దాటిన ప్రతివారికిని శిరస్త్రాణమును విధించినది. తలపాగ ధరించు సిక్కులకు మాత్రమే మినహాయింపు. ధరింపనివానికి వెయ్యి రూపాయల జరిమానాయు, మూడునెలల లైసెన్సు రద్దును శిక్ష. తొమ్మిదినెలలు మొదలు నాలుగేండ్ల లోపు శిశువులకు నడుపువానితో కట్టు పట్టీయు, చిన్న హెల్మెటును 2023 ఫిబ్రవరి 15 నుండి నిర్బంధము. అట్టి బండి గంటకు నలువది కిలోమీటర్లు మించరాదు.

చీరకట్టు స్త్రీలకు వెనుకచక్రపు కాపు ముఖ్యము. వెనుకచక్రమును సగమునకు తక్కువ కాకుండ కప్పు కాపు, చేతిపట్టు, పాదపీఠము ఉండవలెనని 123వ నియమము. అందము చెడెనని యువకులు ఆ కాపును ఊడదీయించుచున్నారు. కొంగు చక్రములో చిక్కి తల్లులు పడిన వార్తలు మనము వినుచున్నవే. ఊడదీసినది నేడే బిగింపుడు. కొంగును నడుమునకు చుట్టి దోపుకొన్న పిదపనే బండి కదల్పుడు.

ఖర్చు అంచనా

ఇవి స్థిరమైన ధరలు కావు. సాధారణపు బజారు అంచనా మాత్రమే.

నడుపువాని హెల్మెటు: రూ. 1,200
వెనుకవారి హెల్మెటు: రూ. 1,000
చేతొడుగులు: రూ. 700
మోకాలు, మోచేతి కవచములు: రూ. 800
దిట్టమైన బూట్లు: రూ. 1,200
వానకోటు, రేడియం: రూ. 600
మొత్తము: రూ. 5,500

తొంబదివేల బండికి ఇది నూటికి ఆఱు వంతులు. అంతయు ఒక్కసారి కాకున్నచో, మొదటినాడు రెండు హెల్మెట్లు, మొదటి నెలలో చేతొడుగులు, బూట్లు, వానకాలమునకు ముందు వానకోటు, పంట చేతికి వచ్చిన పిదప తక్కినవి కొనుడు. సీటుతొడుగు, పెట్రోలు తొట్టితొడుగు చివర కొన్నను బండి యలుగదు.

కలసి కొనుట

1844 డిసెంబరు 21వ తేదీని ఇంగ్లండులోని రాచ్‌డేలు పట్టణమున కొందఱు నేతగాండ్రు చిల్లర కూడబెట్టి యొక యంగడి తెఱచిరి. పిండి, వెన్న, చక్కెరవంటి నాలుగైదు సరకులే వారి మొదటి వ్యాపారము. కల్తీలేని సరకు, సరియైన తూకము, లాభములో సభ్యులకు పాలు అనునవే వారి సూత్రములు. ఆధునిక సహకారోద్యమము చాలవఱకు ఆ యంగడినుండి పెరిగినది. ఎరువులకును, విత్తనములకును మనము పాటించు ఆ సూత్రము హెల్మెటునకు మాత్రమేల పనికిరాదు?

ఒక్కడు పట్టణమునకు పోయి బేరమాడిన దుకాణదారుడు యాబది తగ్గించును. ఇరువదిమంది కొలతలు వ్రాసికొని ఒక్క పట్టీగా పోయిన టోకు ధర యడుగవచ్చును. ముద్ర, లైసెన్సు సంఖ్య పరీక్షించి, నకిలీ యొక్కటైన నున్నచో అన్నియు త్రిప్పి పంపవచ్చును. సర్వసభ్య సమావేశమునకు ముందు ప్రతి సభ్యుడును తన యింటివారి తలకొలతలు వ్రాసి తెచ్చిన, ఈ పనికి వేఱు ప్రయాస లేదు. అప్పు తీసికొని బండి కొను సభ్యుడు, ఆ మొత్తములోనే రెండు హెల్మెట్ల వెలను గూడ లెక్కలో చేర్చుకొనుట మంచిది.

చివరకు ఒక్కమాట. ఎంత మంచి కవచమైనను త్రాగి నడుపువానిని, ముగ్గురిని నలుగురిని ఎక్కించుకొనువానిని కాపాడలేదు. కాపు కొనుట సగము పని. దానిని ప్రతిదినము, పొలమునకైనను, ఊరిలోని యంగడికైనను ధరించుట తక్కిన సగము.

పైన జెప్పిన రైతు ఆ మఱుసటి యేడు విత్తనమునకు పోవునపుడు చేతొడుగులు వేసికొని, హెల్మెటు పట్టీ బిగించి బయలుదేరెను. చూచి నవ్వినవారికి ఆతడు తన రెండరచేతులు చాపి చూపెను. మచ్చలింకను మానలేదు. నవ్వినవారిలో నిరువురు ఆ వారమే హెల్మెట్లు కొనిరి. పదును వర్షము మన చేతిలో లేదు. అది కురిసిననాడు గొఱ్ఱు పట్టుటకు మన చేతులు సిద్ధముగ నుండుట మాత్రము మన చేతిలోనే యున్నది.